ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు

పదకొండేళ్ళు మా ఆయనతో కలిసి పనిచేశాను గానీ, పని వేళ ఆయన పక్కన ఒక్క నిమిషం నిలబడిన పాపాన పోలేదు. మా పనే అలాంటిది. ఆయన రోడ్డు మీద మూడుకాళ్ళ స్టాండు వేసి, దాని మీద లెవెల్ యంత్రం పెట్టి, ఒక కన్ను మూసుకుని చూస్తాడు. నేను ఇరవై మీటర్ల అవతల, నాకు రెండింతల పొడుగున్న కొలకర్ర నిటారుగా పట్టుకుని నిలబడతాను. ఆయన కర్ర మీది అంకె చదివి పుస్తకంలో రాసుకుని చెయ్యి ఊపుతాడు. నేను కర్ర భుజాన వేసుకుని, ఆయన్ని దాటి, ఇంకో ఇరవై మీటర్లు పైకెక్కి నిలబడతాను. మళ్ళీ చదువుతాడు. తర్వాత యంత్రం ఎత్తుకుని ఆయన నన్ను దాటి పైకి వెళతాడు. వంతెన దగ్గర రాతిలో దిగ్గొట్టిన ఇత్తడి మొల నుంచి పై వీధి చివరి మొల దాకా ఇలా ముప్పై ఆరు సార్లు. మర్నాడు అదే దారిలో కిందికి. దాటుకునేటప్పుడు "నీళ్ళు తాగావా" అని ఆయనా, "టోపీ పెట్టుకోండి" అని నేనూ అనుకునేవాళ్ళం. అదే మా సరసం.

మాది అగ్నిపర్వతం. మా ముత్తాతల కాలంలో కక్కింది, తర్వాత నోరు మూసుకుంది. లోపల కరిగిన రాయి పైకి తోసుకొస్తే కొండ ఉబ్బుతుందట. కంటికి తెలిసే ఉబ్బు కాదు, అందుకే మేమున్నది. ఏటా వానలు వెనకబట్టాక కొలిచి, పోయినేడాదికీ ఈ ఏడాదికీ ఎంత తేడా వచ్చిందో చెప్పాలి. రెండో, మూడో మిల్లీమీటర్లు వచ్చేది. అందుకే ఊళ్ళో మా ఆయన్ని మిల్లీమీటరు అని పిలిచేవారు. నన్ను చేసుకునేముందు కూడా కొలిచే ఉంటాడని మా వదిన ఎగతాళి. వదిన అంటే ఆయన అక్క. పై వీధిలో ఒంటరిగా ఆరు ఆవులతో ఉంటుంది, ఊరికి సగం పాలు ఆవిడవే.

ఇంకొక్కటి చెప్పాలి. కర్ర వెనక, నా గుండెల ఎత్తున, చొక్కా గుండీకి రెండింతలుండే గాజు బిళ్ళ ఉంటుంది. అందులో ఒక బుడగ. బుడగ నల్ల గీత లోపల ఉంటే కర్ర నిటారుగా ఉన్నట్టు. కర్ర పక్కలకి వాలితే ఆయనకి యంత్రంలో తెలిసిపోతుంది, చెయ్యెత్తి సరిచేయిస్తాడు. ముందుకో వెనక్కో వాలితే మాత్రం బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఆ బుడగ నాకొక్కదానికే కనపడుతుంది. అక్కడ నా మాటే మాట.

ఆ ఏడాది అగ్నిపర్వతాల్ని గమనించే పెద్ద కేంద్రం నుంచి ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, గుండ్రటి కళ్ళజోడు, మగవాళ్ళ బూట్లు. కొండ వంపుని తనంతట తనే కొలిచే యంత్రమొకటి పెట్టెలో తెచ్చి, పై వీధి వెనక గొయ్యి తీయించి పాతింది. ఆ పని అయిపోయాక వెళ్ళిపోవచ్చు కదా. వెళ్ళలేదు. మేము కొలత మొదలుపెట్టే రోజు పొద్దున్నే వంతెన దగ్గర మాకంటే ముందే వచ్చి నిలబడింది.

"అక్కా, పుస్తకం నేను రాస్తాను. సర్‌కి పని తేలికవుతుంది" అంది నాతో.

"మీ ఇష్టం" అన్నాను. పదకొండేళ్ళలో ఆయన పని తేలిక చెయ్యాలని నాకు తట్టనే లేదు చూడండి.

ఆమె ఆయన మోచేతి దగ్గర నిలబడింది. ఆయన చదువుతాడు, ఆమె రాస్తుంది. అంకె చెప్పి ఊరుకుంటే నాకేం బాధ లేదు. మధ్యలో ఆమె ఏదో అడుగుతుంది, ఆయన యంత్రం నుంచి తలెత్తి చెబుతాడు. చేతులు తిప్పుతూ చెబుతాడు! ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా బద్ధకించే మనిషి. మూడో మలుపు దగ్గర ఇద్దరూ నవ్వారు. ఏమన్నాడో తెలియదు. నాకు వినపడలేదు.

కడుపు మండిపోయింది. దాచుకోవడమెందుకు, ఆ రోజు నాకు కడుపులో ఒకటే మంట. ఆమె చెడ్డది కాదని అప్పుడే తెలుసు, మా ఆయన బుద్ధి కూడా నాకు తెలుసు. అయినా ఇరవై మీటర్ల దూరం నుంచి చూస్తుంటే రెండు తలలు దగ్గరగా కనపడతాయి. అక్కడికి వెళ్ళి చూస్తే మధ్యలో చెయ్యి పట్టేంత సందు ఉంటుందేమో. నేను వెళ్ళి చూసే వీలు లేదు, కర్ర వదలకూడదు. అందుకని చూపంతా వాళ్ళ మీదే పెట్టి, చెవులు రిక్కించి నిలబడ్డాను. గాలి అటు నుంచి ఇటు వీచినప్పుడు ఒకటీ అరా మాటలు వచ్చేవి. "పలకలు", "నెట్టుకుని", "కోటి ఏళ్ళు". తర్వాత మళ్ళీ ఏమీ లేదు.

మధ్యాహ్నం పై వీధి మొదట్లో గోడ నీడన కూర్చుని తిన్నాం. ఆమె ఎదురుగా కనపడే నీలం కొండల వరస చూపించి, "ఇవి ఎలా లేచాయో తెలుసా అక్కా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "అవి నేల ముడతలు. భూమి పైపొరలోని రెండు పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే మధ్యలో నేల దుప్పటిలా ముడత పడి లేచింది. మన కొండ అలా కాదు. దీన్నెవరూ నెట్టలేదు. లోపలిది కక్కుకుంటే అది చుట్టూ పడి గట్టిపడింది. దాని మీద మళ్ళీ కక్కింది. తన మీద తనే పేరుకుని ఇంత ఎత్తయింది."

"ఎంత బాగా చెప్పారు సర్" అంది ఆమె.

"నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాను.

"నువ్వెప్పుడూ అడగలేదుగా" అన్నాడాయన, డబ్బా మూత పెడుతూ.

ఒళ్ళు మండింది. నిజమే, అడగలేదు. కొండ కింద పుట్టి, కొండ మీదికి కర్ర మోసుకుంటూ, అది ఎలా వచ్చిందని అడగాలని నాకు తోచలేదు. ఆకాశం ఎలా వచ్చిందనీ అడగలేదు. పదకొండేళ్ళు పక్కనున్న మనిషి చెప్పడానికి అడగాలా? నిన్న వచ్చినామె అడిగితే మాత్రం కోటి ఏళ్ళ కథ గుక్క తిప్పుకోకుండా వచ్చేసింది. ఆ మధ్యాహ్నమంతా, మర్నాడు కిందికి దిగేటప్పుడూ, నేను మూతి ముడుచుకుని కర్ర పట్టుకున్నాను. ఆయన "నీళ్ళు తాగావా" అంటే తాగానన్నాను. తాగలేదు.

మూడో రోజు లెక్కలు వేశారు. మా ఊరి కేంద్రం అంటే ఒక పెద్ద గదీ, పటాల గదీ, వరండా. నేను వరండాలో కర్రకి నూనె రాస్తున్నాను. ఆయన బయటికి వచ్చి, నన్ను చూసి కూడా చూడనట్టు నిలబడ్డాడు.

"ముప్పై ఎనిమిది" అన్నాడు.

"ఏమిటి?"

"పై వీధి. పోయినేడాది కంటే ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు లేచింది. ఎక్కేటప్పుడు అంతే, దిగేటప్పుడు అంతే. ఒక్క మిల్లీమీటరు తేడాతో సరిపోయాయి. తప్పయ్యే అవకాశమే లేదు."

నమ్మండి, ఆ క్షణాన ఆమె గుర్తుకు రాలేదు. వదినా, ఆవులూ గుర్తొచ్చాయి.

రెండు రోజుల్లో పై వీధి ఖాళీ చేయించారు. యాభై ఇళ్ళు. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చి, రోడ్డుకి అడ్డంగా తాడు కట్టించి, ఇద్దరు కాపలావాళ్ళని పెట్టాడు. జనాన్ని కింద, కొండకి తూర్పు పక్కనున్న బడిలో పెట్టారు. మనుషులకి చోటు ఉంది, పశువులకి లేదు. రోజుకోసారి కాపలావాళ్ళే పైకి వెళ్ళి మేత వేసి, చేతనైనంత పాలు పిండి పారబోసి వచ్చేవారు.

నేను రోజూ బడికి వెళ్ళేదాన్ని. వదినకి ఐదో తరగతి గదిలో కిటికీ పక్కన చోటు దొరికింది. చిన్నపిల్లల బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేది.

"నాకు ఎక్కాలు చెబుతారేమో అనుకున్నాను, అన్నమే పెడుతున్నారు" అని మొదటివారం జోకులు వేసింది. రెండోవారం జోకులు తగ్గాయి. "వాళ్ళకి పిండటం చేతకాదు అమ్మాయ్. సగం పొదుగులోనే వదిలేస్తారు. రెండు ఆవులు ఇప్పటికే ఎండిపోయి ఉంటాయి" అంది.

మూడోవారం ఒక పొద్దున తాడు కింద నుంచి దూరి పైకి వెళ్ళింది. కాపలావాళ్ళు కేకలు వేస్తే, బిందె పట్టుకుని పరిగెత్తి వస్తూ కాలు మడతపడి పడింది. మడమ వాచిపోయింది. నేను వెళ్ళేసరికి కాలు బల్ల మీద పెట్టుకుని ఉంది. పొదుగు వాపుతో ఒక ఆవు నిలబడలేక పడుకునే ఉందని చెప్పి ఏడ్చింది. ఆవిడ ఏడవటం నేనప్పుడే చూశాను.

"ఆ అధికారి చెబితే నేను కదిలేదాన్నా? ఇంకెవరు చెప్పినా కదిలేదాన్ని కాదు" అంది కళ్ళు తుడుచుకుని. "మా తమ్ముడూ నువ్వూ కొలిచారన్నారు. అందుకే వచ్చాను."

ఆ మధ్యాహ్నమే ఆయనకి అన్నం డబ్బా తీసుకుని కేంద్రానికి వెళ్ళాను. తలుపు దగ్గరికేసి ఉంది. లోపల గొంతులు. పైకి వినపడే గొంతులే, ఈసారి చెవులు రిక్కించాల్సిన పని లేదు.

"నేను పాతిన యంత్రంలో ఇరవై రోజులుగా కదలికే లేదు సర్" అంటోంది కళ్ళజోడు. నేను మనసులో ఆమెకి పెట్టుకున్న పేరది. "కొండ అంత ఉబ్బితే వంపు రాకుండా ఎలా ఉంటుంది? భూమి కూడా అదరటం లేదు. మీ కొలతలో ఏమైనా..."

"ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ఒకటే వచ్చింది మేడమ్."

"కర్ర ముందుకి వాలితే అలాగే వస్తుంది సర్. వాలిన కర్ర మీద అంకె ఎక్కువ చూపిస్తుంది. ఏటవాలు రోడ్డు మీద పల్లంలో ఉన్న కర్ర మీద ఎప్పుడూ పెద్ద అంకె వస్తుంది, తప్పు కూడా అక్కడే పెద్దది. ఎక్కినా దిగినా ఆ తప్పు కొండని పెంచుతుందే గానీ తగ్గించదు. రెండూ సరిపోయినంత మాత్రాన..."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. మా ఆయన గొంతు పెద్దదవటం నేనెప్పుడూ వినలేదు.

"కర్ర పట్టుకున్నది ఎవరనుకుంటున్నారు? గాలి వస్తే దించేస్తుంది. చేతులు లాగితే కూర్చుంటుంది. అంతేగానీ తప్పుడు అంకె ఇవ్వదు. పదకొండేళ్ళలో బుడగ సరిగ్గా ఉందా అని నేనొక్కసారి అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. నా కన్ను మీద నాకు అనుమానం ఉంది గానీ ఆవిడ చెయ్యి మీద లేదు. మీరు ఆ గోతిలో తేమ చేరిందేమో చూసుకోండి."

నేను డబ్బా పట్టుకుని తలుపు బయట అలాగే నిలబడ్డాను. పెళ్ళై పదహారేళ్ళు. ఆయన నోటి నుంచి నా గురించి ఇంత పొడుగు మాట రావటం అదే మొదలు. అదీ ఆమె ముందు, ఆమె మొహం మీదే. వారాల తరబడి నాకు కావలసింది అదే.

బుడగ ఎక్కడుందో గుర్తుచేసుకుందామని చూశాను. ప్రతి ఏడాదీ కళ్ళు మూసుకుంటే బుడగే కనపడేది, నిద్రలో కూడా. ఈ ఏడాది కళ్ళు మూసుకుంటే ఆమె తల, ఆయన తల, పుస్తకం మీద ఆమె పెన్ను. బుడగ ఒక్కసారి కూడా కనపడలేదు. వాళ్ళ మాట వినాలని నేను ముందుకి వంగాను. కర్ర నా చేతుల్లో ఉంది. నేను వంగితే అది వంగకుండా ఎక్కడికి పోతుంది?

తలుపు తోసి చెప్పేయొచ్చు. చెబితే ఆ మంచిమాట అంతా ఆమె ముందే అబద్ధమైపోతుంది. ఆమె కళ్ళజోడు సర్దుకుని, పాపం అన్నట్టు చూస్తుంది. నా వల్ల కాలేదు.

లోపలికి వెళ్ళి డబ్బా బల్ల మీద పెట్టి, "అనుమానం ఎందుకు, ఇంకోసారి కొలుద్దాం" అన్నాను.

"చూశారా" అన్నాడాయన ఆమెతో, మొహం వెలిగిపోతూ.

ఈసారి తల ఎత్తలేదు. వంతెన నుంచి పై మొల దాకా, పై మొల నుంచి వంతెన దాకా, రెండు రోజులు నా కళ్ళు ఆ గాజు బిళ్ళని వదల్లేదు. వాళ్ళు నవ్వారో, మాట్లాడారో, ఒకరి నెత్తి మీద ఒకరు ఎక్కి కూర్చున్నారో నాకు తెలియదు. మెడ పట్టేసింది. అసలు కొలత వస్తుంది, పొంగు లేదని తేలుతుంది, వదిన ఇంటికి వెళుతుంది, మా ఆయన మాట మాటగానే ఉంటుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోవలసిన పని లేదు. నా లెక్క నాకు బాగానే అనిపించింది.

మర్నాడు లెక్కలు వేసే గదిలోకి నన్ను కూడా పిలిచారు. అధికారి కూడా ఉన్నాడు. మా ఆయన పుస్తకం మీద నుంచి తలెత్తలేదు. కళ్ళజోడు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను క్షమించు అక్కా, నిన్ను అనుమానించాను. తప్పు నా యంత్రానిదే అయ్యుంటుంది."

"ఎంత వచ్చింది?" అన్నాను.

"మూడు" అన్నాడు మా ఆయన. "మూడు వారాల్లో ముప్పై ఐదు మిల్లీమీటర్లు దిగిపోయింది."

దిగటమేమిటి? కొండ ఎప్పుడు లేచిందని? నాకు ముందు అర్థం కాలేదు. అధికారికి కూడా కాలేదు. "దిగితే మంచిదే కదా?" అన్నాడు.

"మంచిది కాదు" అంది ఆమె. "లోపలికి వచ్చిన కరిగిన రాయి ఎక్కడికీ పోదు. పై నుంచి ఖాళీ అయిందంటే పక్కకి దారి చేసుకుంది. పాత పగులు తూర్పు వైపు ఉంది. అక్కడ బద్దలైతే ముందు వచ్చేది బడి మీదికే."

అధికారి వెంటనే ఫోన్ తీసుకుని, బడిలో వాళ్ళనే కాదు, తూర్పు పక్క ఊరంతా కదిలించాలి, ఎన్ని బస్సులుంటే అన్ని పంపమని చెప్పటం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ సంగతి అడుగుతున్నాడు. మా ఆయన పటం పరిచి, వేలితో దారులు చూపిస్తున్నాడు. ఆ వేలు ఎప్పుడూ తడబడదు, యంత్రం మర తిప్పే వేలు. ఆ రోజు ఒకే దారిని రెండుసార్లు చూపించింది.

"బస్సులు పిలవకండి" అన్నాను.

ఎవరూ వినలేదు. మళ్ళీ అన్నాను. అధికారి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"కొండ లేవలేదు, దిగలేదు. మొదటిసారి కర్ర వంగింది. నేను బుడగ చూడలేదు."

"గాలికా?" అన్నాడు మా ఆయన, వెంటనే. దారి చూపిస్తున్నట్టు అన్నాడు. అవునంటే అయిపోయేది.

"గాలి లేదు. మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో వినాలని వంగాను. ముప్పై ఆరు చోట్లా అంతే. దిగేటప్పుడూ అంతే."

అధికారి గొంతు సవరించుకుని కిటికీ వైపు తిరిగాడు. కళ్ళజోడు మొహం ఎర్రబడింది. తల తీసేసినట్టయిందంటారే, అలా అయింది నాకు. మా ఆయన పటం చుట్టటం మొదలుపెట్టాడు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. కోప్పడతాడేమోనని చూశాను. కోప్పడలేదు. పుస్తకం తెరిచి, మొదటి కొలత పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, గీత పక్కన తన సంతకం పెట్టాడు. ఆ ఏడాది చివర కేంద్రానికి ఆయన్నే పెద్దని చేస్తారని అందరూ అనుకునేవారు. తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

అధికారి బస్సులు ఆపాడు గానీ తాడు విప్పనన్నాడు. "నోటిమాట మీద యాభై ఇళ్ళని ఎలా పైకి పంపను? రేపు ఏదైనా జరిగితే? ఎంత వంగిందో, దానివల్ల ఎంత తప్పొచ్చిందో నా కళ్ళ ముందు చూపించండి."

అంటే ఆ రోజు నిలబడ్డట్టే నిలబడి చూపించాలి.

మరుసటి పొద్దున మూడో మలుపు దగ్గరికి వెళ్ళాం. తాడు అవతల పై వీధి జనమంతా చేరారు. వదిన చేతికర్ర ఊతంతో, ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఎందుకు కొలుస్తున్నామో ఎవరికీ చెప్పలేదు గానీ, అలాంటివి చెప్పకపోతేనే తొందరగా తెలుస్తాయి. అందరూ నన్నే చూస్తున్నారు.

మొదట నిటారుగా పట్టుకున్నాను. మా ఆయన చదివాడు. "రెండు వేల ఐదు వందల పన్నెండు." కళ్ళజోడు రాసింది.

"ఇప్పుడు ఆ రోజులాగ" అన్నాడు, నా వైపు చూడకుండా.

వంగాను. "ఐదు వందల ఇరవై" అన్నాడు. ఎనిమిది మిల్లీమీటర్లు. మరీ ఎక్కువ, ముప్పై ఆరు చోట్లకి కలిపితే కొండ ఆకాశానికి వెళ్ళిపోతుంది. మళ్ళీ వంగాను. ఈసారి తేడానే లేదు. అధికారి గడియారం చూసుకున్నాడు. "కావాలని వంగితే అంతే అవుతుంది" అన్నాడు. తాడు అవతల ఎవరో గొణిగారు.

కళ్ళజోడు నా వైపు నాలుగడుగులు వేసి, "కర్ర సంగతి మర్చిపో అక్కా. మమ్మల్ని చూడు" అంది. తిరిగి వెళ్ళి ఆయన మోచేతి దగ్గర నిలబడింది.

కాసేపు ఇద్దరూ ఫోటోకి నిలబడ్డవాళ్ళలా బిగుసుకుని ఉన్నారు. తర్వాత ఆమె తల కొంచెం వంచి ఏదో చెప్పటం మొదలుపెట్టింది. ఆయన విన్నాడు. తలూపాడు. ఆమె ఇంకా ఏదో చెప్పింది. ఆయన నవ్వాడు. అది దొంగనవ్వు. పదహారేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా? నా కోసం, వదిన కోసం, ఆ తాడు విప్పించటం కోసం నటిస్తున్నారు, అంతే. అంతా తెలుసు. అయినా ఏమంటోందామె? అంతసేపు ఏముంటుంది చెప్పటానికి? ఆయన చెవి అంత దగ్గరికి ఎందుకు పెట్టాలి?

"రెండు వేల ఐదు వందల పదమూడు" అన్న కేక వినపడి ఉలిక్కిపడ్డాను. బుడగ గీత దాటి గాజు అంచుకి ఆనుకుని ఉంది.

ఒక్క మిల్లీమీటరు. ముప్పై ఆరు చోట్లకి ముప్పై ఆరు. అధికారి ఇంకో రెండు మలుపుల్లో చూపించమన్నాడు. అక్కడ కూడా ఒక్క మిల్లీమీటరే వచ్చింది, అక్కడ కూడా నేను వంగానని అంకె విన్నాకే తెలిసింది. అధికారి కాగితం మీద రాసుకుని, మా చేత సంతకం పెట్టించుకుని, తాడు విప్పమన్నాడు. జనం మమ్మల్ని దాటుకుని పైకి వెళ్ళారు. కొందరు నన్ను చూసి నవ్వారు, కొందరు మొహం తిప్పుకున్నారు. వదిన ఆగింది. నా భుజం పట్టుకుని ఊతంగా నాలుగడుగులు వేసి వదిలేసింది. ఆవిడకి ఆరు ఆవుల్లో నాలుగే మిగిలాయి.

కళ్ళజోడు ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది నుంచి కర్ర పట్టటానికి ఇంకొకరిని పెట్టుకున్నారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తాడు విప్పిన రోజు కిందికి దిగేటప్పుడు కర్ర ఆయనే మోశాడు. యంత్రం పెట్టె ఒక చేత్తో, కర్ర భుజాన. నేను వట్టి చేతులతో పక్కన నడిచాను. ఆ రోడ్డు మీద ఆయన పక్కన నడవటం అదే మొదలు. వంతెన దగ్గరికి వచ్చాం.

"ఇవాళ మా మాటలేమైనా వినపడ్డాయా?" అన్నాడు ఉన్నట్టుండి.

"లేదు."

"వినపడటానికేముంది. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. ఆమె ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. అంతే."

సరేనన్నట్టు తలూపాను. అక్కడితో ఊరుకోవాలని గట్టిగానే అనుకున్నాను. వంతెన సగం దాటాం.

"ఎంతదాకా లెక్కపెట్టింది?" అన్నాను.